అలవాటు తప్పిన కుంచె

లోకంలో ప్రతి మనిషికీ ఒక పనిలో పేరు వస్తుంది. ఊళ్ళో మంచి వడ్రంగి అని పేరుపడ్డ ఒకాయన ఒకనాడు మట్టితో బొమ్మ చేశాడనుకోండి. చూసినవారు రెండు రకాలుగా మాట్లాడతారు. "వడ్రంగికి మట్టిపని ఏం తెలుసు?" అని కొందరు తీసిపారేస్తారు. "ఆయన చెయ్యి పడితే మన్నైనా బంగారమే" అని కొందరు మెచ్చుకుంటారు. నిజానికి ఈ ఇద్దరిలో ఎవరూ బొమ్మను చూడలేదు. మొదటివారు అలవాటును చూశారు, రెండవవారు పేరును చూశారు. బొమ్మను చూడడం వేరే పని. దానికి కొంత ఓపిక కావాలి, కొంత న్యాయబుద్ధి కావాలి.

అలవాటు తప్పి చేసిన పనిని అంచనా వేయడం ఎంత కష్టమో తెలుసుకోవడానికి రాబర్ట్ హోమ్ అనే చిత్రకారుని కథ మంచి ఉదాహరణ. హోమ్ 1752లో ఇంగ్లండులోని హల్ పట్టణంలో పుట్టాడు. ఏంజెలికా కౌఫ్‌మన్ అనే ప్రసిద్ధ చిత్రకారిణి వద్ద శిక్షణ పొందాడు. ఇటలీకి వెళ్ళి అక్కడి పాత చిత్రాలను చూసి చెయ్యి దిద్దుకున్నాడు. తరువాత డబ్లిన్ నగరంలో కొన్నేళ్ళు మనుషుల రూపచిత్రాలు గీస్తూ జీవించాడు. అదే ఆయన వృత్తి, అదే ఆయనకు అన్నం పెట్టిన విద్య.

రూపచిత్రం గీయడం ఒక ప్రత్యేకమైన పని. డబ్బిచ్చే పెద్దమనిషి ఎదుట కూర్చుంటాడు. చిత్రకారుడు అతని ముఖంపై వెలుగు ఏ వైపునుంచి పడాలో చూసుకుంటాడు. కోటు మడతలు, పతకాలు, కత్తిపిడి ఒక్కటీ తప్పిపోకూడదు. పోలిక కుదరాలి. కాని కూర్చున్నవాడు అద్దంలో కనిపించేదానికంటె కాస్త హుందాగా కనిపించాలి. డబ్బిచ్చినవాడు మెచ్చుకోకపోతే చిత్రం అతని గోడకు ఎక్కదు. ఈ విధంగా చిత్రకారుని కన్ను నిజానికీ, చెయ్యి గిరాకీకీ కట్టుబడి ఉంటాయి. హోమ్ ఈ రెంటి మధ్య నేర్పుగా నడిచినవాడు.

ఆయన 1791లో మద్రాసుకు వచ్చాడు. అప్పుడు ఈస్టిండియా కంపెనీకీ, మైసూరు పాలకుడు టిప్పు సుల్తానుకూ మధ్య మూడవ మైసూరు యుద్ధం జరుగుతున్నది. గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ స్వయంగా సైన్యాన్ని నడిపిస్తున్నాడు. హోమ్ ఆ సైన్యం వెంట బయలుదేరాడు. సైన్యంలో రూపచిత్రాలు కోరే అధికారులకు కొదవ లేదు. అయితే దారి పొడవునా ఆయన కంటికి ఎదురైనవి మనుషుల ముఖాలు మాత్రమే కావు. మైదానంలోనుంచి ఒక్కసారిగా లేచి నిలబడిన రాతికొండలు, వాటి నెత్తిన కోటలు ఎదురయ్యాయి.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల పిల్లలకు ఇటువంటి కొండలు కొత్తవి కావు. ఒకవైపు 1478 మీటర్ల ఎత్తున నందికొండ, మరొకవైపు స్కందగిరి, ఇంకొంత దూరం పోతే గుడిబండ కోట, చింతామణి వైపు అంబాజీదుర్గం, కైలాసగిరి. రాగిచేను గట్టున నిలబడి ఏ దిక్కుకు చూసినా ఏదో ఒక బండ కనబడుతుంది. పశువులు కాసేవారికి అవి నీడనిచ్చే చోట్లు, వానాకాలంలో కుంటలకు నీరు పంపే చోట్లు. పెన్నానది పుట్టింది ఈ కొండల మధ్యనే. బాగేపల్లి పక్కన పారే చిత్రావతి కూడా ఈ కొండల నీటితో బతికే ఏరే. నిత్యం చూసేది కాబట్టి ఎవరూ వాటిని ప్రత్యేకించి చూడరు. ముంగిట్లో ఉన్న వేపచెట్టుకు ఎన్ని కొమ్మలున్నాయో ఇంటివారు లెక్కపెట్టనట్లే ఇదీను.

సైన్యాలకు మాత్రం ఈ కొండలు వేరుగా కనిపించాయి. కొండమీద కోట ఎవరి చేతిలో ఉంటే కింది దారి వారిది. అందుకే కంపెనీ సేనలు ఒక్కొక్క దుర్గాన్నే పట్టుకుంటూ ముందుకు సాగాయి. నందిదుర్గాన్ని వారాల తరబడి ముట్టడించి 1791 అక్టోబరు 19 తెల్లవారకముందే పట్టుకున్నారు. కోటలోనివారు పైనుంచి బండరాళ్ళను దొర్లించి ఎదుర్కొన్నారు. ఆ దాడిలో గాయపడినవారిలో చాలామంది తుపాకిగుండ్లకు కాక ఆ రాళ్ళకే గాయపడ్డారు. డిసెంబరు 21న మాగడి దగ్గరి సావనదుర్గం కూడా పడిపోయింది. దుర్గం అనే మాట ఇంగ్లీషువారి నోట 'డ్రూగ్' అయింది. వారి పటాలలోను, పుస్తకాలలోను నందిదుర్గం 'నందీడ్రూగ్' గానే కనిపిస్తుంది.

యుద్ధం 1792లో ముగిసింది. హోమ్ తాను గీసిన ప్రకృతి దృశ్యాలను లండనుకు పంపాడు. అవి 1794లో 'టిప్పు సుల్తాను దేశమైన మైసూరులోని ఎంపిక చేసిన దృశ్యాలు' అనే అర్థం వచ్చే పేరుతో ఒక పెద్ద పుస్తకంగా వెలువడ్డాయి. అందులో 29 చిత్రాలు, వాటితో పాటు కొన్ని పటాలు ఉన్నాయి. బెంగుళూరు, సావనదుర్గం, రామగిరి, శ్రీరంగపట్టణం వంటి చోట్లు ఆ చిత్రాలలో కనిపిస్తాయి. జీవితమంతా ముఖాలు గీసిన మనిషి కొండలతో నింపిన పుస్తకం అది. ప్రకృతి చిత్రకారుల వరుసలో ఆయన పేరు చివరన ఎక్కడో చిన్న అక్షరాలలో ఉంటుంది. మరి ఈ పుస్తకాన్ని ఎలా అంచనా వేయాలి?

మొదట తెలుసుకోవలసింది ఆ చిత్రం కాగితంమీదికి వచ్చిన దారి. హోమ్ కొండ ఎదుట కూర్చుని గీసినది ఒకటి. లండనులో అచ్చయినది మరొకటి. ఆ కాలంలో చిత్రాన్ని అచ్చువేయాలంటే దానిని రాగిరేకుమీద చెక్కాలి. చెక్కేవాడు సన్నని ఉక్కు ఉలితో గీతలు తీస్తాడు. గీతలు దగ్గరగా ఉంటే నీడ, ఎడంగా ఉంటే వెలుగు. రేకుమీద కుడి ఎడమలు తారుమారుగా చెక్కితేనే కాగితంమీద సరిగా పడుతుంది. తరువాత గీతలలో సిరా నింపి, పైన అంటిన సిరాను తుడిచి, తడి కాగితం పరచి, మరమీద గట్టిగా ఒత్తుతారు. ఈ పని చేసిన చెక్కుడుపనివారు మైసూరు దేశాన్ని ఎన్నడూ చూడలేదు. వారికి తెలిసినవి ఇంగ్లండు చెట్లు, ఇంగ్లండు మబ్బులు. కనుక చిత్రంలో ఒక చెట్టు చింతచెట్టులా లేదని తోచినప్పుడు తప్పు ఎవరిదని వెంటనే తేల్చకూడదు. చూసినవాడి చెయ్యి వేరు, చెక్కినవాడి చెయ్యి వేరు. ఒక పనిలో ఎన్ని చేతులున్నాయో తెలుసుకోవడం అంచనాకు మొదటి మెట్టు.

రెండవ మెట్టు పోల్చడం. పోల్చేటప్పుడు సాటివారితో పోల్చాలి. అదే 1792లో థామస్ డేనియల్, విలియం డేనియల్ అనే చిత్రకారులు దక్షిణదేశంలో పర్యటించారు. వారు పినతండ్రి వరుస, కొడుకు వరుస అయినవారు. ప్రకృతి దృశ్యాలే వారి వృత్తి. వారి దగ్గర ఒక చీకటిపెట్టె ఉండేది. దాని కంటిగాజు గుండా ఎదుటి దృశ్యం కాగితంమీద నీడలా పడుతుంది. ఆ నీడ అంచులవెంట గీస్తే కొలతలు తప్పవు. భారతదేశ దృశ్యాలతో వారు 144 రంగుచిత్రాలు ప్రచురించారు. గాలిలోని తేమ, ఎండలోని పసిమి, దూరపు కొండల నీలిమ వారి చిత్రాలలో చక్కగా పట్టుబడ్డాయి. హోమ్ పుస్తకంలో ఇంత సొగసు లేదు. ఆయన చిత్రాలు నలుపు గీతలతో తీరినవి. ఆకాశం మీద ఆయనకు పెద్ద శ్రద్ధ లేదనిపిస్తుంది. ప్రకృతి చిత్రకారుడుగా ఆయన డేనియల్‌ల సరసన నిలబడలేడు. ఈ మాటను దాచడం అనవసరం.

ఐతే పోలిక ఇక్కడితో ఆగిపోతే న్యాయం సగమే జరుగుతుంది. తక్కువైనది ఏమిటో చూసినవారు ఎక్కువైనది ఏమిటో కూడా చూడాలి. హోమ్ కొండను చూసిన తీరులో ఆయన పాత వృత్తి కనిపిస్తుంది. ఎదుట కూర్చున్న పెద్దమనిషిని చూసినట్లే ఆయన కొండను చూశాడనిపిస్తుంది. నుదురు ఎంత వెడల్పు, భుజం ఎక్కడ దిగుతుంది, నీడ ఏ మడతలో నిలుస్తుంది అని ముఖంలో వెదికేవాటినే ఆయన రాతిలో వెదికాడు. సావనదుర్గం ఆయనకు చిత్రంలో వెనకతెర కాదు, అదే చిత్రానికి నాయకుడు. రామగిరి శిఖరంనుంచి శివగిరిని చూసి గీసిన దృశ్యంలో ఒక కొండ మరొక కొండ ఎదుట నిలబడి ఉంటుంది. అందాన్ని వెదికేవాడికి కొండ ఒక అలంకారం. పోలికను వెదికేవాడికి కొండ ఒక వ్యక్తి. అలవాటు తప్పిన పనిలో కూడా పాత అలవాటు ఇలా మేలు చేసింది.

ఈ పోలిక నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక అరుదైన అవకాశం ఉన్నది. హోమ్ ఎదుట కూర్చున్న సేనానులు, అధికారులు అందరూ గతించారు. వారి చిత్రాలు వారిలా ఉన్నాయో లేవో ఇప్పుడు చెప్పేవారు లేరు. కొండలు మాత్రం ఇంకా కూర్చునే ఉన్నాయి. పుస్తకం పట్టుకుని రామనగరం పక్కన నిలబడినవారు ఈనాడు కూడా గీతకు గీత సరిచూసుకోవచ్చు. రెండువందల ఏళ్ళు దాటినా తన పోలికకు తానే సాక్ష్యం చెప్పగలిగినది ఆ రాయి ఒక్కటే.

కాని రాయి కూడా ఎల్లకాలం ఉంటుందన్న హామీ లేదు. చిక్కబళ్ళాపురం ప్రాంతంలో రాతిగనుల పని ఏళ్ళ తరబడి సాగింది. ఇళ్ళకు, రోడ్లకు, వంతెనలకు రాయి కావాలి. రాయి కొట్టే పనితో ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. ఆ పనిలో ప్రమాదమూ ఉంది. 2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లి వద్ద రాళ్ళను పేల్చడానికి వాడే జిలెటిన్ కడ్డీలు పేలి ఆరుగురు చనిపోయారు. ఒక కొండ తరిగిపోయినప్పుడు దాని ఆకారం ఎక్కడైనా నమోదై ఉందా అన్న ప్రశ్న వస్తుంది. గొప్ప చిత్రకారుడు అటువైపు రాకపోతే చిన్న చిత్రకారుడు గీసిన మామూలు బొమ్మే ఆధారమవుతుంది. అప్పుడు ఆ బొమ్మలో ఆకాశం బాగుందా లేదా అని ఎవరూ అడగరు. కొండ అంచు సరిగ్గా ఉందా అని అడుగుతారు.

మూడవ మెట్టు అన్నిటికంటె కష్టమైనది. చిత్రంలో ఏమున్నదో చూడడం సులభం, ఏమి లేదో చూడడం కష్టం. హోమ్ పుస్తకం గెలిచినవారి వైపునుంచి వచ్చింది. లండనులో దానిని కొన్నవారు టిప్పు సుల్తాను దేశం ఎలా ఉంటుందో చూడాలని కుతూహలపడినవారు. వారికి కోటలు కావాలి, ఎక్కలేనంత నిటారుగా ఉన్న బండలు కావాలి. కొండ ఎంత గట్టిదైతే దానిని పట్టుకున్నవారి పేరు అంత పెద్దదవుతుంది. కాని ఆ కొండల కింద ఊళ్ళు ఉండేవి. సైన్యాల మేతకు పోయిన చేలు, తోలుకుపోయిన ఎద్దులు, పిల్లలను చంకనెత్తుకుని అడవులకు పరుగెత్తిన జనం ఏ యుద్ధంలోనైనా ఉంటారు. దృశ్యాల పుస్తకం వారి గాథను చెప్పడానికి పుట్టలేదు. కొండపైనుంచి రాళ్ళు దొర్లించినవారి పేర్లు ఏ చిత్రం కిందా లేవు.

హోమ్‌కు పేరు తెచ్చిన పెద్ద చిత్రం చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. సంధి షరతులలో భాగంగా 1792 ఫిబ్రవరి 26న టిప్పు సుల్తాను తన ఇద్దరు చిన్న కొడుకులను కార్న్‌వాలిస్ వద్దకు బందీలుగా పంపాడు. సుల్తాను సగం రాజ్యం, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు ఇవ్వవలసి వచ్చింది. ఆ సొమ్ము తీరేదాకా పిల్లలు పరాయివారి వద్ద ఉండాలి. ఈ సన్నివేశాన్ని హోమ్ పెద్ద తైలవర్ణ చిత్రంగా గీశాడు. అది ఇప్పుడు లండనులోని జాతీయ సైనిక ప్రదర్శనశాలలో ఉన్నది. కార్న్‌వాలిస్ దయగల తండ్రివలె చేయి చాచి పిల్లలను ఆదరిస్తున్నట్లు అందులో ఉంటుంది. గుంపులో ఒక పక్కన చంకలో బొమ్మల అట్టతో నిలబడినవాడు హోమే. చిత్రకారుడు తనకు చోటు చూసుకున్నాడు. తండ్రిని విడిచివచ్చిన పిల్లల గుండెలో ఏముందో చెప్పడానికి మాత్రం ఆ చిత్రంలో చోటు లేకపోయింది. చేయి తిరిగిన పని అయినా అది డబ్బిచ్చినవారి కంటితో చూసిన పని.

దీనితో పోల్చదగిన చిన్న బొమ్మ ఒకటి హోమ్ పేరున ఉంది. అందులో మైసూరు సైన్యానికి చెందిన ఒక మామూలు సైనికుడు నిలబడి ఉంటాడు. అతని చేతిలో ఒక రాకెట్టు ఉంది. దానిని అతడు జెండాకర్రగా పట్టుకున్నాడు. ఇనుప గొట్టంలో మందు కూరి, పొడవైన వెదురుకర్రకు కట్టి వదిలే ఈ రాకెట్లు ఆ యుద్ధాలలో కంపెనీ సైన్యాన్ని బాగా కలవరపెట్టాయి. తరువాత ఇంగ్లండులో విలియం కాంగ్రీవ్ తయారుచేసిన రాకెట్లకు ఇవే ప్రేరణ. ఆ సైనికుడు హోమ్‌కు ఒక్క కాసు కూడా ఇచ్చి ఉండడు. తన బొమ్మ అందంగా రావాలని అడిగి ఉండడు. పైగా అతడు శత్రుపక్షంవాడు. అయినా చిత్రకారుని కన్ను అతనిమీద నిలిచింది. డబ్బిచ్చేవారి ముఖాలు గీసే అలవాటు అక్కడ కూడా కాసేపు తప్పింది. కొండల పుస్తకం, ఈ సైనికుని బొమ్మ ఒకే చోటునుంచి వచ్చినట్లు తోస్తాయి. ఎవరూ అడగకుండానే చూసిన చూపు అది. ఐతే ఇక్కడ కూడా సైనికుని పేరు లేదు. చూడడం జరిగింది, పేరడగడం జరగలేదు.

ఇప్పుడు అంచనాను ఒక చోట చేర్చవచ్చు. రాబర్ట్ హోమ్ గొప్ప ప్రకృతి చిత్రకారుడు కాడు. ఆయన దృశ్యాలలో రంగుల వైభవం లేదు, కవిత్వం తక్కువ. వాటిని గెలిచినవారు కొనుక్కున్నారు గనుక ఓడినవారి కష్టం వాటిలో లేదు. ఇవి లోపాలు. అయినా ఆయన కొండలను శ్రద్ధగా చూశాడు, రాయిని రాయిగా గీశాడు, ఆ గీత ఈనాటికీ సరిచూడడానికి నిలుస్తుంది. ఇది గుణం. గుణాన్ని చూపి లోపాన్ని కప్పడం పొగడ్త అవుతుంది. లోపాన్ని చూపి గుణాన్ని కప్పడం నింద అవుతుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడమే విమర్శ.

యుద్ధం తరువాత హోమ్ తన పాత వృత్తికి తిరిగి వెళ్ళాడు. 1795లో కలకత్తా చేరి అధికారుల రూపచిత్రాలు గీశాడు. 1804లో ఆయన ఎదుట కూర్చున్నవారిలో తరువాతి కాలంలో వెల్లింగ్టన్ ప్రభువైన ఆర్థర్ వెల్లెస్లీ ఒకడు. 1814లో లక్నోకు వెళ్ళి అయోధ్య నవాబు గాజీఉద్దీన్ హైదరుకు ఆస్థాన చిత్రకారుడయ్యాడు. అక్కడ సింహాసనాలకు, కిరీటాలకు, పడవలకు కూడా నమూనాలు గీశాడు. జంతువుల బొమ్మలు, పక్షుల బొమ్మలు వందలకొద్దీ గీశాడు. 1834లో కాన్పూరులో కన్నుమూశాడు. ఆ జీవితమంతా కలిపి చూస్తే అలవాటు తప్పిన పనులు ఆయనకు ఒకటి రెండు కావని తెలుస్తుంది. లోకం ఆయనను ఒక్క పేరుతో పిలిచింది, ఆయన చెయ్యి మాత్రం ఆ పేరు లోపల ఇమడలేదు.

మనుషుల విషయంలో కూడా ఇది నిజమే. లెక్కలలో వెనకబడిన పిల్లవాడు పాట పాడితే తరగతి నవ్వుతుంది. పట్టుగూళ్ళు అమ్మే రైతు పద్యం చదివితే సంత ఆశ్చర్యపోతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే ఊళ్ళలో ఒకే గుట్టను ఒకరు కొండ అంటారు, మరొకరు బెట్ట అంటారు. పేరు మారినంత మాత్రాన గుట్ట మారదు. ఏ పేరూ దానిని పూర్తిగా చెప్పదు కూడా. అంబాజీదుర్గం, గుడిబండ, స్కందగిరి తమను గీయమని ఎవరినీ అడగకుండా ఎండలోను, వానలోను కూర్చున్నాయి. వాటిని దగ్గరగా ఎరిగినవారు వాటి కింది ఊళ్ళవారే. దొర్లించిన రాళ్ళు ఏ వాలునుంచి వచ్చాయో, కుంటలోకి నీరు ఏ పాయగుండా దిగుతుందో వారికి తెలుసు. హోమ్ పుస్తకంలో లేని సగం చిత్రం వారి కళ్ళలోనే ఉంది.